పొట్ట మాట విన్న ప్రయాణం... పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా!

ప్రయాణం అనగానే మీకు ముందుగా ఏం గుర్తొస్తుంది? కిటికీ పక్క సీటు, పులిహోర పొట్లం, పిల్లల అల్లరి... అవునా? నాకు మాత్రం, చెబితే నవ్వుతారేమో గానీ, "అక్కడ బాత్‌రూమ్ ఎలా ఉంటుందో!" అన్నదే మొదటి ఆలోచన. పదకొండేళ్ళుగా ఇదే వరస. పెళ్ళిళ్ళకి వెళ్ళి రాత్రికి రాత్రే తిరిగొచ్చేశాను. తిరుపతి మొక్కు రెండుసార్లు వాయిదా వేశాను. ఎవరైనా అడిగితే "ఒంట్లో బాగోలేదు" అనేదాన్ని. అసలు సంగతి మావారికి కూడా సరిగ్గా చెప్పలేదు. మూడు నాలుగు రోజులకోసారి గానీ నాకు విరేచనం కాదు. అయ్యేదాకా పొట్ట డోలులా బిగుసుకుపోయి, ఎడమవైపు మెలిపెట్టే నొప్పి. అయ్యాక కాస్త నెమ్మది. మర్నాటి నుంచి మళ్ళీ మొదలు.

ఇలాంటి మాటలు పత్రికలో రాయొచ్చా అని నేనూ తటపటాయించాను. కానీ ఈ పేజీని ఎవరూ చూడకుండా మడిచి చదువుకునేవాళ్ళు మీలో ఎందరో ఉంటారు. నేనూ ఒకప్పుడు అలా చదివినదాన్నే!

కోఠి బస్సులో...

పోయిన కార్తీకమాసంలో మా అక్క పట్టుబట్టింది. "వారం రోజులు మా ఇంట్లో ఉండి తీరాలి" అని. అక్కావాళ్ళది బీరంగూడ. బావగారు పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఇంక తప్పించుకోలేక సంచి సర్దుకున్నాను. సంచిలో చీరల కన్నా చూర్ణం సీసాలే ఎక్కువ!

కోఠిలో పటాన్‌చెరు బస్సెక్కి ఆధార్ కార్డు చూపించాను. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం కదా, కండక్టర్ జీరో టికెట్ చేతిలో పెట్టాడు. అమీర్‌పేట, కూకట్‌పల్లి, మియాపూర్ దాటి, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్ వచ్చేసరికి ఊరి వాసన మారుతుంది. టౌన్‌షిప్ చెట్ల నీడ, ఆ పక్కనే లారీల బారులు. ఇంకాస్త ముందుకెళ్తే, 1972లో మొదలైన ఇక్రిశాట్. సుమారు 1,400 హెక్టార్ల పచ్చటి పొలాలు! జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ... మెట్టపంటల మీద ప్రపంచమంతటి కోసం పరిశోధన చేసే చోటు. అటుపైన పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్, పాశమైలారం... గొట్టాలూ, షెడ్లూ, మందుల కంపెనీలూ.

చూడండి, మన పొట్టకి కావలసిన ధాన్యం మీద పరిశోధన ఒకచోట. మన పొట్టకి వేసే మాత్రల తయారీ దానికి కాస్త అవతల. రెంటికీ నడుమ ఉండే ఆడవాళ్ళ పొట్ట సంగతి ఎవరికి పట్టింది?

మొదటి రోజే పరాభవం!

గుమ్మంలోనే అక్క నా మొహం చూసి, "ఏమే, అలా పీక్కుపోయావేం?" అంది. ఆ రాత్రి ధైర్యం చేసి మొత్తం చెప్పేశాను. అక్క ఒక్క నిమిషం ఆలోచించి, "ఓస్, ఇంతేనా! పీచు తింటే అన్నీ పోతాయి" అని మర్నాడు నాకు విందు చేసింది. మూడు జొన్నరొట్టెలు, శనగల కూర, వెల్లుల్లి కారం, పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్కలు. అమృతంలా ఉంది, కాదనను.

సాయంత్రానికి పొట్ట కుండలా ఉబ్బిపోయింది. రాత్రంతా వేణ్ణీళ్ళ సంచి పెట్టుకుని కూర్చున్నాను. చూర్ణం రెండు చెంచాలు వేసుకుంటే తెల్లవారుజామున నొప్పులు తెప్పించి, సగం సగం పని చేసి వదిలేసింది. అక్క పాపం బిక్కమొహం వేసుకుని, "మంచిదనే కదే పెట్టాను" అంది. మంచిదే! మంచిదంతా ఒకే పూట పెట్టడమే తప్పయిందని తర్వాత తెలిసింది.

ఆపుకోవడం అనే అలవాటు

అక్కావాళ్ళ ఇంట్లో ఉదయం ఎలా ఉంటుందో చెప్పనా? మీ ఇంట్లోనూ ఇలాగే ఉంటుందిలెండి. ఉన్నది ఒకే బాత్‌రూమ్. అయిదున్నరకి ఫస్ట్ షిఫ్ట్ బస్సు కోసం బావగారు. ఆరింటికి కాలేజీ అబ్బాయి. ఆరున్నరకి స్కూలు పిల్ల. ఈలోగా పాలు, టిఫిను, బాక్సులు. అక్క వంతు వచ్చేసరికి పది! అప్పటికి ఆ "వేళ" దాటిపోతుంది. "పర్లేదులే, రేపు చూద్దాం" అంటుంది. ఆ రేపు ఎప్పటికీ రాదు.

కింద వాటాలో జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. కంపెనీ పేరు మనకెందుకు? సాయంత్రం మెట్ల మీద కూర్చుని తన కథ చెప్పింది. "ఏం జేస్తమక్కా... నీళ్లు తాగితె లేవాలె. లేస్తె సూపర్‌వైజర్ గడియారం దిక్కు చూస్తడు. అందుకే పొద్దుగాల్ల ఒక గ్లాసు తాగి, మల్ల ఇంటికొచ్చినంకనే తాగుత." ఎనిమిది గంటల షిఫ్టు, రానూపోనూ ఇంకో రెండు గంటలు! ఆమెకీ నా బాధే. "గ్యాసక్కా" అనుకుని గోళీలు మింగుతోంది.

పనిచోట ఆడవాళ్ళకి వేరుగా, దగ్గరలో, పనివేళల్లో ఎప్పుడైనా వెళ్ళగలిగేలా మరుగుదొడ్డి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 19వ సెక్షన్‌లోనే రాశారు. కాగితం మీద ఉన్నది గడియారం వైపు చూసే కళ్ళకి కనబడాలి కదా!

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. "రోజుకి ఎనిమిది గ్లాసులు తాగండి" అని మనం సులువుగా అనేస్తాం. ఈ ప్రాంతంలో నీళ్ళు అంత సులువైన మాట కాదు. 1970ల నుంచి ఫ్యాక్టరీలు పెరిగేకొద్దీ వ్యర్థాలు నక్కవాగులో కలిసి, మంజీర వైపు పారి, చుట్టుపక్కల ఊళ్ళ బావులు పాడయ్యాయి. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పటాన్‌చెరులో వైద్యం చేసిన డాక్టర్ అల్లాణి కిషన్‌రావు దాని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. నా పొట్టకీ ఆ కాలుష్యానికీ ముడిపెట్టడం లేదు నేను. కానీ అక్కావాళ్ళ వీధిలో ఇప్పటికీ తాగడానికి నీళ్ళ క్యాన్లు కొంటారు. కొన్న నీళ్ళు ముందు పిల్లలకి, మగవాళ్ళకి. మిగిలితే ఆడవాళ్ళకి. అర్థమైంది కదూ?

సంగారెడ్డి డాక్టరమ్మ

మూడో రోజు అక్క నన్ను బస్సెక్కించి సంగారెడ్డి తీసుకెళ్ళింది. ఆ అమ్మాయి కూడా సెలవు పెట్టి మాతో వచ్చింది. దారిలో రుద్రారం గణేష్ గడ్డ దగ్గర బస్సులోంచే దణ్ణం పెట్టుకున్నాం. కంది దగ్గర ఐఐటీ భవనాలు చూస్తూ, పోతిరెడ్డిపల్లి చౌరస్తా దాటి ఊళ్ళోకి వెళ్ళాం.

డాక్టరమ్మ అరగంట సేపు అడిగింది. ఎన్నాళ్ళుగా? నొప్పి విరేచనానికి ముందా, తర్వాతా? రక్తం పడుతోందా? బరువు తగ్గావా? ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉందా? ఏ మాత్రలు వాడుతున్నావు? తర్వాత గోడ మీద బొమ్మ చూపించి, "నీది వీటిలో ఏది?" అంది. నాకు సిగ్గుతో చెమటలు పట్టాయి! ఆ బొమ్మని బ్రిస్టల్ పట్టిక అంటారట. 1997లో ఇంగ్లండులో బ్రిస్టల్ డాక్టర్లు ప్రచురించారు. మొత్తం ఏడు రకాలు. మొదటిది మేక పెంటికల్లా విడివిడి ఉండలు. మూడు, నాలుగు మామూలు. ఆరు, ఏడు నీళ్ళ విరేచనం. నేను వేలితో ఒకటి మీద చూపించాను. పక్కన ఆ అమ్మాయీ అదే చూపించింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశాం. పదకొండేళ్ళ సిగ్గు ఆ నవ్వుతో సగం పోయింది.

హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించారు. నావి బాగానే ఉన్నాయి. ఆ అమ్మాయికి మాత్రం రక్తం తక్కువగా ఉంది. అందుకని ఆమెకి ఇంకా పరీక్షలు రాసి, కారణం తేలేదాకా "గ్యాస్" అని సరిపెట్టుకోవద్దని గట్టిగా చెప్పారు.

నాకున్నది ఇరిటబుల్ బవల్ సిండ్రోమ్, మలబద్ధకం రకమట. కనీసం మూడు నెలలుగా, సగటున వారానికి ఒకరోజైనా కడుపునొప్పి రావడం, ఆ నొప్పి విరేచనంతో ముడిపడి ఉండటం, విరేచనం ఎన్నిసార్లు అవుతుందో, ఎలా ఉంటుందో మారిపోవడం - ఇవీ 2016లో వైద్యులు ఖరారు చేసిన గుర్తులు. బాధ మొదలై ఆరునెలలైనా అయి ఉండాలి. "పేగులో పుండు లేదు, గడ్డ లేదు. ఇది క్యాన్సర్‌గా మారదు. కానీ నొప్పి నీ ఊహ కాదమ్మా, నిజమే" అన్నారు. పేగుకీ మెదడుకీ నడుమ కబురు అతిగా నడుస్తుందట. మామూలు గాలికే ఆ పేగు నొప్పి అంటుంది. దిగులు, నిద్రలేమి, నెలసరి... అన్నీ దాన్ని రెచ్చగొడతాయి. ఆడవాళ్ళలోనే ఎక్కువట.

ఎవరైనా "అంతా నీ మనసులోనే ఉంది" అంటే నేను నొచ్చుకునేదాన్ని. నిజమేనని ఒక డాక్టరు నోట వినేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కోహీర్ జామ, జహీరాబాద్ జొన్న

సంగారెడ్డి వెళ్ళి పండ్ల మాట ఎత్తకుండా ఎలా? ఇక్కడి పండ్ల పరిశోధన కేంద్రంలోనే మంజీర మామిడి పుట్టింది. జహీరాబాద్ దగ్గరి కోహీర్ ఊరు జామకి పెట్టింది పేరు. ఆ కోహీర్ జామని అలహాబాద్ సఫేదాతో కలిపి ఇక్కడే కొత్తరకాలు తీశారు. డాక్టరమ్మ నాకు బాగా పండిన జామ తినమంది, మామిడి తగ్గించమంది. మామిడిలో ఉండే ఒకరకం చక్కెర కొందరి పేగులో పులిసి గాలి చేస్తుందట. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, శనగలు, రాజ్మా, పాలు కూడా అదే జాబితాలో ఉన్నాయి. అక్క పెట్టిన విందు గుర్తొచ్చిందా? సగం జాబితా అదే!

మర్నాడు ఆ అమ్మాయి తన పుట్టింటికి తీసుకెళ్ళింది, జహీరాబాద్ దగ్గర పల్లె. ఎర్రనేలల్లో జొన్న, కంది కలిపి వేసిన చేలు. ఈ వైపు పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో పేద రైతు మహిళలు సంఘాలుగా కూడి పాత విత్తనాలు దాస్తున్నారు. 2008లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వాళ్ళని వెతుక్కుంటూ వచ్చింది. 2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది గానీ, వీళ్ళకి ప్రతి సంవత్సరమూ అదే!

ఆ అమ్మాయి తల్లి కట్టెల పొయ్యి మీద రొట్టె చరుస్తూ, "పట్నం పోయినంక గీ పిల్ల రొట్టె మర్చిపోయింది, పొద్దున లేచుడు మర్చిపోయింది" అంది. "మేము చీకట్ల లేచి, గటక తిని, చేనుకు పోతుంటిమి. కడుపు మాట గప్పుడే వింటుంటిమి." డాక్టరమ్మ చెప్పిందీ అదే! ఉదయం తిన్నాక పెద్దపేగు తనంతట తానే కదులుతుంది. ఆ కబురు వచ్చినప్పుడు వెళ్ళకుండా ఆపేస్తూ పోతే, కొన్నాళ్ళకి అది కబురు పంపడం మానేస్తుంది.

ఇంటికొచ్చాక నేను చేసినది

ఒకేసారి అన్నీ మార్చలేదు. ఇదీ వరస:

మొదటి రెండు వారాలు - ఇసబ్‌గోల్ ఊక రోజుకి ఒక చెంచా, గ్లాసు నిండా నీళ్ళలో కలిపి వెంటనే తాగడం. తర్వాత మెల్లగా రెండు చెంచాలు. మిగతా మాత్రలకీ దీనికీ రెండు గంటల ఎడం ఉంచాలి. గోధుమ తవుడు మాత్రం వద్దన్నారు. 2009లో నెదర్లాండ్స్‌లో 275 మంది మీద చేసిన పరిశోధనలో ఇసబ్‌గోల్ జాతి ఊక తేలిక ఇచ్చింది, తవుడు వాడినవాళ్ళలో చాలామంది బాధ ఎక్కువై మధ్యలోనే మానేశారు.

తర్వాత వారం నుంచి - వారానికి మూడురోజులు ఒకపూట అన్నం బదులు ఒకే ఒక్క జొన్నరొట్టె, లేదా గటక. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు సుమారు 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో 3 గ్రాముల లోపే. గోధుమల్లోనూ పీచు బాగానే ఉంది, కానీ నాలాంటివాళ్ళకి అది గాలి చేస్తుంది.

వంటలో - నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేయించి, తీసి పారేసి, ఆ నూనెతో తాలింపు. వాసన వస్తుంది, గాలి చేసే పదార్థం నూనెలోకి దిగదు. ఉల్లిపాయ బదులు ఉల్లికాడల పచ్చభాగం, అల్లం, జీలకర్ర. ఆరువారాలు ఇలా చేసి, తర్వాత ఒక్కొక్కటే కలిపి చూసుకున్నాను. నాకు ఉల్లిపాయే శత్రువని తేలింది. శనగలు గుప్పెడు వరకూ పర్లేదు. మీకు వేరుగా ఉండొచ్చు. అన్నీ శాశ్వతంగా మానేసి నీరసపడకండి.

ఉదయం - ఆరింటికి గోరువెచ్చటి నీళ్ళు, టిఫిను. ఆ తర్వాత అరగంటలోపు బాత్‌రూమ్ నాది! పది నిమిషాలు మించి కూర్చోను. ఫోను బయటే. కమోడ్ అయితే కాళ్ళ కింద చిన్న పీట, పాతకాలం దొడ్డిలో కూర్చున్నట్టు మోకాళ్ళు పైకి రావాలి. ముక్కకూడదు. సాయంత్రం అరగంట నడక. అక్క అయితే రోజూ బీరంగూడ గుట్ట మీది మల్లికార్జునస్వామి గుడిదాకా ఎక్కివస్తోంది.

ఇవన్నీ చేసినా కుదరకపోతే మందులున్నాయి. మలాన్ని మెత్తబరిచే పొడులు, ఈ జబ్బుకే వచ్చిన కొత్త మాత్రలు. డాక్టరు రాయాలి. నేను రోజూ మింగిన చూర్ణాల్లో సోనాముఖి ఉందట, అది పేగుని తరిమి తరిమి పని చేయిస్తుంది, నొప్పులు అందుకే. ఇంకో మాట. కాన్పుల తర్వాత కొందరికి విరేచన వేళ కింది కండరాలు తెరుచుకోవాల్సింది పోయి బిగుసుకుంటాయి. దానికి వ్యాయామ శిక్షణ ఉంది. అడగండి, సిగ్గుపడకండి.

గటక వండుకుందామా?

జొన్నరవ్వ 1 గ్లాసు, నీళ్ళు 5 గ్లాసులు, ఉప్పు తగినంత. రవ్వ కడిగి రెండుగంటలు నాననివ్వండి. నీళ్ళు మరిగించి, ఉప్పు వేసి, రవ్వ కొద్దికొద్దిగా పోస్తూ ఉండకట్టకుండా కలపండి. సన్నసెగ మీద అరగంట, నడుమ నడుమ కలుపుతూ. కుక్కరయితే అయిదు విజిల్స్. మెత్తగా ఉడకడం ముఖ్యం. జీలకర్ర, ఇంగువ తాలింపు పెట్టిన పలుచటి మజ్జిగతో తినండి. మొదటిసారి అరకప్పుతో ఆపండి!

ఆలస్యం చేయకూడని గుర్తులు

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, వాంతులు, రాత్రి నిద్రలేపే నొప్పి, నలభై అయిదేళ్ళు దాటాక కొత్తగా వచ్చిన మార్పు, ఇంట్లో పేగు క్యాన్సర్... వీటిలో ఏది ఉన్నా ఇంటి చిట్కాలు పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. యాభై దాటాక పొట్ట ఉబ్బరం కొత్తగా మొదలై తగ్గకపోతే అండాశయాలు కూడా చూపించుకోవాలి. ఐరన్, క్యాల్షియం మాత్రలతోనూ, కొన్ని నొప్పి మాత్రలతోనూ మలబద్ధకం వస్తుంది. మీ మాత్రల చీటీ వెంట తీసుకెళ్ళండి.

ఇప్పుడెలా ఉన్నానంటారా? పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. వారంలో అయిదు రోజులు బాగుంటాను. దిగులు పడ్డ వారం మళ్ళీ పట్టేస్తుంది, కానీ ఇప్పుడు భయం లేదు. ఆ అమ్మాయి రక్తహీనతకి నెలసరిలో ఎక్కువగా పోవడమే కారణమని తేలి, మందులు వాడుతోంది. ప్యాకింగ్‌లో ఆరుగురు ఆడవాళ్ళు కలిసి వెళ్ళి అడిగారట. మధ్యలో ఇంకో పదినిమిషాల విరామం ఇచ్చారట! "నీళ్ల సీసా తీస్కపోతున్ననక్కా" అని ఫోన్ చేసి చెప్పింది.

మా ఇంట్లో మాత్రం ఉదయం ఆరున్నర నుంచి ఏడు దాకా బాత్‌రూమ్ అమ్మది. పిల్లలు మొదట్లో గొణిగారు, ఇప్పుడు అలవాటైపోయింది. మీ ఇంట్లో కూడా రేపటి నుంచి ఆ అరగంట అడిగి చూడండి. అన్నట్టు, వచ్చే నెల తిరుపతికి టికెట్లు తీసుకున్నాం. ఈసారి వాయిదా లేదు!